నాపరాళ్ళ యార్డులో ఎండ్ క్లాప్

1986 ఫిబ్రవరి రెండో వారంలో మా యూనిట్‌ను పల్నాడు వెళ్ళమని ఉత్తర్వు వచ్చింది. నేను అప్పుడు హైదరాబాదులో ఒక ప్రభుత్వ చిత్ర విభాగంలో సౌండ్ రికార్డిస్టుని, రెండో గ్రేడు. పని ఏమిటంటే, వికలాంగుల ఉపాధి మీద పది నిమిషాల లఘుచిత్రం, పదహారు మిల్లీమీటర్ల ఫిల్ము మీద. నలుగురు కార్మికులు, తలా రెండున్నర నిమిషాలు. మొదటి ముగ్గురినీ నరసరావుపేటలోనే పూర్తి చేశాం. కుర్చీలు అల్లే చూపులేని పెద్దాయన, పోలియో వచ్చిన దర్జీ, ప్రెస్సులో అక్షరాలు కూర్చే మాట రాని ఒకావిడ. మిగిలింది నాలుగో పేరు. కారంపూడి రోడ్డులో ఒక నాపరాళ్ళ యార్డు, ఏడుకొండలు, వయసు ఇరవై ఆరు. పేరుకు ఎదురుగా జాబితాలో ‘మందబుద్ధి’ అని ఉంది.

ఆ రోజుల్లో ఆఫీసు కాగితాల్లో అలాగే రాసేవాళ్ళం, సిగ్గుపడకుండా. ఆటిజం అనే మాట నేను విన్నది రిటైరయ్యాక. ఏడుకొండలుకు ఆ పేరు పెట్టడానికి నేను డాక్టరును కాను. కానీ ఈ మధ్య ఆటిజం ఉన్న పెద్దవాళ్ళ ఉద్యోగాల మీద తీసిన లఘుచిత్రాలు నాలుగైదు చూశాను. చూసిన ప్రతిసారీ అతనే గుర్తొచ్చాడు. వాటిలో కొన్ని బాగున్నాయి. కొన్నింటిలో మాత్రం మొదటి నిమిషంలోనే ఫ్లూటు మొదలవుతుంది, తల్లి కళ్ళు తుడుచుకుంటుంది, చివర్లో మేనేజరు చప్పట్లు కొడతాడు. ఆ మనిషి రోజంతా చేసే పని ఏమిటో, ఎలా చేస్తాడో మనకు తెలియకుండానే సినిమా అయిపోతుంది. ఈ మాట అనే హక్కు నాకుంది, ఎందుకంటే మేమూ సరిగ్గా అలాంటి సినిమా తీద్దామనే వెళ్ళాం.

మేం నలుగురం. దర్శకుడు శేషగిరిరావు గారు, కెమెరామన్, క్లాప్ కొట్టే సహాయకుడు, నేను. ఫిల్ము యూనిట్‌లో సౌండ్ వాడిది చిత్రమైన హోదా. వినడం మా ఉద్యోగం గనుక మా మాట ఎవరూ వినరు. వెలుగు సరిగా లేదని కెమెరామన్ అంటే యూనిట్ మొత్తం ఆగుతుంది. లారీ చప్పుడు వస్తోందని నేనంటే ‘తర్వాత చూద్దాం లెండి’ అంటారు. శేషగిరిరావు గారు చెడ్డవారు కాదు. పుస్తకాలు చదివిన మనిషి, కష్టపడే మనిషి. కాకపోతే లొకేషన్ చూడకముందే ఆయన వ్యాఖ్యానం రాసేసుకునేవారు. నాలుగో భాగానికి రాసుకున్న మొదటి వాక్యం ‘ఈ అమాయకునికి లోకం తెలియదు’. గురజాల బంగళాలో దిగిన సాయంత్రమే మాకు చదివి వినిపించారు. మేం తలూపాం.

మర్నాడు యూనిట్ కంటే ముందు నేనొక్కణ్ణే యార్డుకు వెళ్ళాను. కెమెరా లేకుండా ఆ చోటు శబ్దాలను మాత్రమే విడిగా పట్టుకోవడాన్ని మా భాషలో వైల్డ్ ట్రాక్ అంటాం. దారికి రెండువైపులా కళ్ళాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, టేప్ రికార్డరు భుజాన వేసుకుని తుమ్ముతూ నడిచాను. యార్డు ముందు భాగంలో కోత మిషన్లు. ఏడుకొండలు చోటు వాటికి దూరంగా, వెనక ప్రహరీ పక్కన, చిన్న రేకుల పంచ కింద. ఆ చోటు చూపించింది మస్తాన్ మేస్త్రీ, యార్డులో పని పురమాయించే పెద్ద. యాభై దాటిన మనిషి, కనుబొమల మీద ఎప్పుడూ తెల్లటి రాతిపొడి.

ఏడుకొండలును అందరూ కొండలు అంటారు. అతని పని రాళ్ళు తట్టి చూడడం. కోసిన నాపరాయి పైకి నున్నగానే ఉంటుంది గాని కొన్నిటి లోపల వెంట్రుకంత పగులు ఉంటుంది. కంటికి ఆనదు. అలాంటిది లారీలో పడితే గమ్యం చేరేలోపు రెండు ముక్కలవుతుంది. అందుకని ప్రతి రాయినీ చెక్క దిమ్మ మీద వాల్చి చిన్న సుత్తితో తట్టి వింటారు. మంచి రాయి ఖంగుమంటుంది, పగులున్నది మొద్దుగా పలుకుతుంది. కొండలు కుడిపక్క కొత్త రాళ్ళు, ఎడమపక్క మంచివి, వెనక పగిలినవి. ఏ రాయి మీదా గుర్తు ఉండదు, అది ఉన్న చోటే దానికి గుర్తు. పై అంచున ఒక దెబ్బ, మధ్యన ఒకటి, కింద ఒకటి. తర్వాత కదలకుండా ఓ క్షణం. అప్పుడు ‘అయిపోయింది’ అంటాడు, తనలో తనే. రాయి తన చోటికి వెళ్ళిపోతుంది. ఇరవై రాళ్ళు కాగానే లేచి కుండ దగ్గరికి వెళ్ళి నీళ్ళు తాగి వస్తాడు. నావైపు ఒక్కసారీ చూడలేదు. మైకు వైపూ చూడలేదు.

హెడ్‌ఫోన్లలో వింటుంటే నాకు ముచ్చటేసింది. మూడు దెబ్బల బలమూ సమానం, మధ్య విరామమూ సమానం. మా స్టూడియోలో మైకు పరీక్షించడానికి జీతం ఇచ్చి పెట్టుకున్నవాళ్ళకు కూడా అంత నిలకడ లేదు. అతను నిజంగా వింటున్నాడు. వృత్తిలో ఉన్నవాణ్ణి గనుక వినేవాణ్ణి చూస్తే నాకు తెలుస్తుంది.

కొండలు అక్క కోటమ్మ అదే యార్డులో రాళ్ళు మోసేది. తలపాగా విప్పి పక్కన కూర్చుని నాతో చాలాసేపు మాట్లాడింది. తల్లీ తండ్రీ పోయాక తమ్ముణ్ణి తనే చూసుకుంటోంది. ఆరేళ్ళ క్రితం పనికి వస్తూ వెంట తెచ్చేది, ఇంట్లో ఒక్కణ్ణీ వదల్లేక. అతను మూలన కూర్చుని రాళ్ళ చప్పుడు వింటుంటే మేస్త్రీ గమనించి చేతికి సుత్తి ఇచ్చాడు. అప్పట్నుంచీ పనిచేస్తున్నా మస్టరు పుస్తకంలో, అంటే పనివాళ్ళ హాజరు పట్టీలో, అతని పేరు లేదు. కోటమ్మతో వచ్చిన మనిషి కింద లెక్క. ఇప్పుడామెకు నడుం పడిపోయింది, బరువు ఎత్తవద్దని డాక్టరు చెప్పాడు. ఆమె మానేస్తే తమ్ముడూ మానాల్సిందేనని యజమాని రామకోటయ్య గారు చెప్పేశారట. అక్క లేకుండా అతన్ని ఎవరు సముదాయిస్తారు అన్నది ఆయన ప్రశ్న.

“నేను మానేసినా పర్లేదయ్యా. ఆడి పని ఆడికి ఉండాల. పని లేని రోజు ఆడు గోడకేసి చూస్తా కూచుంటాడు, అన్నం కూడా తినడు. మీ సినిమా చూసైనా మా అయ్యగారు ఆడి పేరు ఎక్కిస్తాడేమోనని ఆశ” అంది కోటమ్మ.

ఆ ఆశను మేం మధ్యాహ్నంలోపే దాదాపు తుడిచిపెట్టాం. జరిగింది జరిగినట్టు చెప్తాను.

అప్పట్లో చిత్రీకరణలో బొమ్మ ఫిల్ము మీద, శబ్దం టేపు మీద, రెండూ వేర్వేరుగా నడిచేవి. తర్వాత రెంటినీ కలపాలంటే ఒక గుర్తు కావాలి. అందుకే షాట్ మొదట్లో క్లాప్ బోర్డు చట్‌మని కొడతారు. బోర్డు మూతపడిన బొమ్మ, ఆ చప్పుడు ఒకచోట చేర్చితే మిగతాదంతా సరిపోతుంది. మా సహాయకుడు కొండలు ముఖానికి అడుగు దూరంలో బోర్డు పట్టి ఆ చప్పుడు చేశాడు. కొండలు రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. కాసేపటికి తేరుకుని రాయి తట్టాడు. దర్శకుడికి కోణం నచ్చలేదు, అదే రాయి మళ్ళీ తట్టమన్నారు. కొండలు ‘అయిపోయింది’ అని తర్వాతి రాయి తీసుకున్నాడు. మళ్ళీ క్లాప్, మళ్ళీ చెవులు. అడిగినకొద్దీ ‘అయిపోయింది’. విన్న రాయిని మళ్ళీ తట్టడం అతని పద్ధతిలో లేదు. రీటేక్ లేకపోతే మా పద్ధతిలో సినిమా లేదు.

దాంతో శేషగిరిరావు గారు వేరే ఉపాయం పన్నారు. కొండలు నీళ్ళకు లేచినప్పుడు, వెలుతురు బాగా పడుతుందని, అతని మూడు దొంతర్లనూ కూలీల చేత పంచ బయటికి చేర్పించారు. వెండికాగితం అంటించిన అట్టతో ఎండను అతను కూర్చునే చోటికి మళ్ళించారు. మోసేటప్పుడు దొంతర్లు కలిసిపోయాయి. మంచి రాయి ఏదో, పగిలింది ఏదో ఇక చెప్పగలవాళ్ళు లేరు. నేను అక్కడే ఉన్నాను, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని. అడ్డు చెప్పలేదు. నా మాట ఎవరూ వినరు అని పైన రాశాను గాని, ఆ రోజు నేను మాట అననే లేదు.

కొండలు వచ్చి చూశాడు. ఆ రాళ్ళ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. నోటి నుంచి సన్నటి కూత ఒకటి మొదలైంది, ఆగలేదు. సుత్తి కిందపడేసి ప్రహరీకి ముఖం ఆనించి ముందుకీ వెనక్కీ ఊగసాగాడు. కోటమ్మ నడుం పట్టుకుని పరుగెత్తుకొచ్చి పక్కన కూర్చుంది, ముట్టుకోకుండా. గంటన్నర పట్టింది. ఆ తర్వాత ఇంటికి తీసుకుపోయింది. మర్నాడు సాయంత్రానికి లారీ వస్తుంది గనుక, చేతికందిన రాళ్ళను మేస్త్రీ తనే హడావిడిగా తట్టి మంచివని కొన్ని పక్కన పెట్టాడు.

రామకోటయ్య గారు ఇదంతా ఆఫీసు గుమ్మంలోంచి చూశారు. కోపంగా కూడా అనలేదు, మామూలుగానే అన్నారు. అక్క ఉండగానే ఇట్లా ఉంటే అక్క లేనినాడు సంగతేంటి, ఇతని పేరు పుస్తకంలో ఎట్లా రాయమంటారు అని మమ్మల్నే అడిగారు. పని చేయగలడని చూపించడానికి వెళ్ళి, చేయలేడని సాక్ష్యం ఇచ్చి వచ్చాం. నాకు చాలా అవమానంగా అనిపించింది.

నాలుగింటికల్లా మస్తాన్ మేస్త్రీ బంగళాకు వచ్చాడు, తిడతాడనుకున్నాం. తిట్టలేదు. కుర్చీ ఇస్తే కూర్చోకుండా నిలబడే, కొండలు చేత పని ఎలా చేయించాలో దర్శకుడికి ఒక్కొక్కటీ చెప్పాడు. రేపు ఏం జరుగుతుందో ఈ రోజే చెప్పాలట. ముట్టుకోకూడదట. మిషన్ చప్పుడు పడదని దూరపు పంచ ఇచ్చింది తనే. కలిసిపోయిన రాళ్ళకూ ఆయన దగ్గర దారి ఉంది. అన్నిటినీ కుడిపక్క, కొత్త రాళ్ళు పెట్టే చోట పేర్చాలి. తను తట్టి పెట్టినవీ అందులోనే కలపాలి. కుడిపక్క ఉన్నది కొండలుకు కొత్త రాయే, మళ్ళీ తడతాడు. చివరికి ఇంకో మాట అన్నాడు. రేపు కోటమ్మను ఇంట్లోనే ఉండమన్నాడట. అక్క లేకుండా చేయగలడో లేదో యజమాని రేపే చూడాలి, తర్వాత ఇంత మంది ముందు చూసే రోజు రాదు అని ఆయన లెక్క. అదీ సాగకపోతే కొండలుకు ఆ యార్డులో అదే చివరి రోజని మా అందరికీ అర్థమైంది.

అప్పుడు నేను నోరు తెరిచాను. పొద్దున పట్టిన టేపు వేసి, చేతి గడియారం చూస్తూ లెక్కపెట్టాను. ఇరవై రాళ్ళకు తొమ్మిది నిమిషాల పైచిలుకు. ఒక ఫిల్ము రీలు పదకొండు నిమిషాలు నడుస్తుంది. అంటే నీళ్ళ నుంచి నీళ్ళ వరకు ఒకే షాట్‌గా, ఆపకుండా తీయవచ్చు. ఇక క్లాప్. మొదట్లోనే కొట్టాలన్న నియమం లేదు. బోర్డును తలకిందులుగా పట్టుకుని షాట్ చివర కొడితే ఎడిటరుకు అది చివరి గుర్తని తెలుస్తుంది. ఎండ్ క్లాప్ అంటారు. పక్షులను, జంతువులను తీసేటప్పుడు వాడతాం. మనుషుల విషయంలో అంతకుముందు మాకెవరికీ తోచలేదు. ఒక్క షాట్‌కు రీలంతా పెట్టడం శేషగిరిరావు గారికి మింగుడు పడలేదు, మా దగ్గర మిగిలినవి మూడు రీళ్ళే. చివరికి సరేనన్నారు. వెలుతురు ఉండగానే వెళ్ళి రాళ్ళన్నీ మేస్త్రీ చెప్పిన చోటికి మేమే మోశాం. కెమెరామన్‌కు బొటనవేలు నలిగింది, పాపం.

మర్నాడు కొండలు ఒక్కడే నడిచి వచ్చాడు. కెమెరా అప్పటికే దూరంగా, పొడవు లెన్సుతో, గోనెపట్టా కప్పుకుని ఉంది. మైకు పంచ రేకుకు కట్టి ఉంచాను. ఎవరూ ‘స్టార్ట్’ అనలేదు, దర్శకుడు రుమాలు ఊపారు. కొండలు తన చోటు చూసుకున్నాడు, కుడిపక్క ఎత్తుగా ఉన్న దొంతర చూశాడు. నిమిషం పైగా నిలబడ్డాడు. రీలు తిరుగుతోంది, ఫిల్ము ఖర్చయిపోతోంది. శేషగిరిరావు గారి చెయ్యి నా భుజం మీద ఉంది, ఆ పట్టు ఇప్పటికీ గుర్తుంది. చివరికి కొండలు వంగి సుత్తి తీశాడు.

రెండు రీళ్ళు తీశాం. అతను నీళ్ళకు లేచి కుండ దాకా వెళ్ళాక, బోర్డు తలకిందులుగా, మెల్లిగా, చివరన. మూడో రీలు వాడలేదు. మధ్యాహ్నం భోజనం వేళ వరకు అతని పని అట్లా సాగుతూనే ఉంది. నా ఉద్యోగ జీవితంలో అంత శుభ్రమైన శబ్దం తక్కువసార్లు దొరికింది.

అసలు విషయం ఆ తర్వాత తేలింది. నిన్న తను తట్టి మంచివన్న రాళ్ళ కింద అంచున మేస్త్రీ ఎవరికీ చెప్పకుండా బొగ్గుతో చుక్క పెట్టుకున్నాడు. చుక్క ఉన్నవాటిలో తొమ్మిదింటిని కొండలు వెనక, పగిలినవాటిలో వేశాడు. మేస్త్రీయే పిలిచి ఆ చుక్కలు చూపించాడు. రామకోటయ్య గారు వచ్చి చూసి, మేస్త్రీ పాస్ చేసిన రాళ్ళను ఇతను తోసేయడమేంటి, ఇదే నేను చెప్పేది అన్నారు. మేస్త్రీ తొమ్మిదింటినీ పరిచి నీళ్ళు చల్లాడు. తడిసిన నాపరాయి ఆరేటప్పుడు, పగులుంటే అక్కడ తడి ఆలస్యంగా ఆరుతుంది, సన్నటి నల్ల గీత మిగులుతుంది. రోజూ అన్ని రాళ్ళకూ అలా చేయాలంటే తీరిక ఉండదు గనుక తట్టి చూస్తారు. మేమంతా ఎండలో నిలబడి రాళ్ళు ఆరడం చూశాం. ఒక్కొక్కటిగా ఎనిమిదింటి మీద గీత కనిపించింది. తొమ్మిదో రాయి పూర్తిగా ఆరిపోయింది. దాని మీద ఏ గీతా లేదు.

యజమాని వేలు ఆ తొమ్మిదో రాయి మీదికే వెళ్ళింది. చూశారా, ఇది తప్పు చెప్పాడు అన్నారు.

మేస్త్రీ చేతులు తుడుచుకున్నాడు. “నిజమేనయ్యా. ఆడికి ఒకటి తప్పింది, నాకు ఎనిమిది తప్పినయ్యి. మరి నన్నెప్పుడు తీసేస్తన్నారో చెప్పండి.”

రామకోటయ్య గారు ఆయన వంక, రాళ్ళ వంక, దూరంగా ఉన్న కెమెరా వంక, మా వంక చూశారు. కొండలు అప్పటికి అన్నం తిని వచ్చి పనిలో కూర్చున్నాడు. ఈ విచారణ తన గురించేనని అతనికి తెలుసో లేదో నాకు తెలియదు. యజమాని గుమాస్తాను మస్టరు పుస్తకం తెమ్మన్నారు. పేరు రాయించి, పని అనే గడిలో ఏం రాయాలని గుమాస్తా అడిగితే, మేస్త్రీకి ఏం రాశావు అని అడిగారు. రాళ్ళ గ్రేడింగు అన్నాడు గుమాస్తా. ఇతనికీ అదే రాయమన్నారు. కెమెరా లేకపోతే ఆయన ఆ రోజు రాయించేవారా అంటే నేను ప్రమాణం చేయలేను. కానీ రాయించారు, నేను దగ్గరుండి చూశాను. మస్తాన్ మేస్త్రీ లాంటి పని పెద్దను ఆ తర్వాత నేను మళ్ళీ చూడలేదు. పక్కవాడు గెలవడానికి తన తప్పులు తనే నలుగురిలో లెక్కపెట్టి చెప్పిన మనిషి ఆయన.

శేషగిరిరావు గారినీ మెచ్చుకోవాలి. హైదరాబాదు తిరిగొచ్చాక తన వ్యాఖ్యానం చింపేశారు. రెండున్నర నిమిషాల్లో మాట ఒక్కటే, ‘ఏడుకొండలు నాపరాళ్ళ గ్రేడరు’ అని. మిగతా అంతా సుత్తి దెబ్బలు, విరామాలు. పైఅధికారులకు సినిమా చూపించి ఆమోదం తీసుకునే రోజున అభ్యంతరాలు వచ్చాయి. సంగీతం లేదేమని అడిగారు. ఇతను ఒక్కసారైనా కెమెరా వైపు చూడలేదేం అన్నారు ఒక పెద్ద అధికారి. “పనిలో ఉన్నాడండీ” అన్నారు శేషగిరిరావు గారు. సంగీతం వేయమని రెండుసార్లు నోట్ వచ్చింది, రెండుసార్లూ ఆయన వేయకుండానే ఫైలు తిప్పి పంపారు. ఆ ఏడాది ఆయనకు రావలసిన ప్రమోషన్ రాలేదు. దానికి ఇదే కారణమని ఎవరూ అనలేదు, ఆయనా అనలేదు.

1988లో వేరే పని మీద మాచర్ల వెళ్తూ ఆ యార్డు దగ్గర జీపు ఆపించాను. కోటమ్మ పని మానేసి ఏడాది దాటిందట, ఇంటి దగ్గర రెండు గేదెలు పెట్టుకుంది. కొండలు తన పంచలోనే ఉన్నాడు. నన్ను గుర్తుపట్టినట్టు లేదు, నేనూ దగ్గరికి వెళ్ళలేదు. కొత్తగా చేరినవాళ్ళిద్దరు అతనికి కాస్త ఎడంగా కూర్చుని వింటున్నారు. “నేను చెప్తే రావట్లేదు సారూ. ఆడి పక్కన నెల రోజులు కూచుంటే చెవి వస్తంది” అన్నాడు మేస్త్రీ.

ఆ ఉద్యోగంలో ఇంకా పద్దెనిమిదేళ్ళు ఉన్నాను. ఆసుపత్రుల్లో, మగ్గాల షెడ్లలో, బడుల్లో, గనుల్లో శబ్దం పట్టాను. పల్నాడు నుంచి వచ్చాక ఒక పద్ధతి మార్చుకున్నాను. ఎక్కడికి వెళ్ళినా, మైకు ఎక్కడ పెట్టాలో చూసుకునేముందు, ఇక్కడ ఏది కదపకూడదు అని అడిగేవాణ్ణి. దానికి జవాబు తెలిసిన మనిషి ప్రతి చోటా ఒకరు ఉండేవారు. చాలాసార్లు ఆ మనిషిని అంతకుముందు ఎవరూ అడిగి ఉండేవారు కాదు.